పాలచెట్టు మీద పైథాగరస్

పెద్దవాళ్ళకు లెక్కలు నేర్పబోతే, వాళ్ళ చేతిలోనే లెక్క దొరికింది!

లంబకోణ త్రిభుజంలో కర్ణం మీది వర్గం మిగతా రెండు భుజాల మీది వర్గాల మొత్తానికి సమానం. ఈ వాక్యాన్ని మనలో చాలామంది బడిలో బట్టీ పట్టాం. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ తరవాత? ఇంటి కప్పుకు ఎన్ని రేకులు కావాలో, నిచ్చెన గోడకు ఎంత దూరంలో వేయాలో తేల్చుకోవడానికి ఎప్పుడైనా వాడామా? నిజం చెప్పాలంటే చాలామందిమి వాడలేదు. మరోవైపు, ఈ వాక్యం ఎన్నడూ వినని వాళ్ళు ఇదే లెక్కను నలభై ఏళ్ళ పాటు రోజూ చేత్తో చేశారు. ఈ వ్యాసం వాళ్ళ గురించే.

నేను చదివింది కంప్యూటర్ సైన్సు, చేసేది సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్ పని. ఈపోలో ఉన్న ఒక ప్రాజెక్టు వల్ల కొన్ని నెలలుగా పెరాక్ రాష్ట్రానికి తరచూ వెళ్ళవలసి వస్తోంది. అక్కడికి ఉత్తరాన, కువాలా కాంగ్సార్ వెళ్ళే పాత రోడ్డు మీద సుంగై సిపుట్ ఉంది. అక్కడి మిత్రుడొకరి ఇంటి వరండాలో ఆదివారం సాయంత్రాలు ఎనిమిది పదిమంది పెద్దవాళ్ళం కూర్చుంటున్నాం. అందరూ అరవై దాటినవాళ్ళే. తెలుగువాళ్ళు కొందరు, తమిళులు ఎక్కువమంది. మాటలు రెండు భాషల్లోనూ, మధ్యలో మలయ్ లోనూ నడుస్తాయి. టీ, మురుకులు మామూలే. అక్కడ మేం చేస్తున్నది లంబకోణ త్రిభుజం పాఠం!

నత్తల ఏటి ఊరు

మలయ్ భాషలో సుంగై అంటే ఏరు, సిపుట్ అంటే నత్త. చరిత్ర పుస్తకాల్లో ఈ ఊరి పేరు 1948 జూన్ 16 దగ్గర కనిపిస్తుంది. ఆ రోజు ఇక్కడి తోటల్లో ముగ్గురు యూరోపియన్ దొరలను కాల్చి చంపారు. దాని వెంటనే మలయాలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. కేంద్ర మంత్రిగా పనిచేసిన తున్ సంబంధన్ పుట్టింది ఈ ఊళ్ళోనే, 1919లో. తోటలు ముక్కలుగా అమ్ముడుపోతున్న కాలంలో, కూలీలే తోటలు కొనుక్కోవాలని ఆయన 1960లో సహకార సంఘం పెట్టారు.

మలేసియా తెలుగువాళ్ళలో ఎక్కువమంది పూర్వీకులు విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి ఓడలెక్కి వచ్చారు. పెరాక్‌లో వాళ్ళు ఎక్కువగా కుదురుకున్నది దిగువన, బాగన్ దాతో కొబ్బరి తోటల వైపు. కొందరు రబ్బరు తోటలకు చేరారు. 1923 నాటి కార్మిక చట్టం ప్రకారం బడి ఈడు పిల్లలు పదిమంది ఉన్న తోటలో దొర బడి పెట్టాలి. అయితే ఆ బడి ప్రాథమిక తరగతులతోనే సరి. ఆ పైన చదవాలంటే పట్నానికి వెళ్ళాలి. అది ఎంతమందికి కుదురుతుంది? చాలామంది పిల్లలు అమ్మానాన్నల వెంట తోటలోకే నడిచారు.

అందుకే మొదటి ఆదివారం నేను కాగితం, స్కేలు తీయగానే ఒక పెద్దమ్మ నవ్వేసింది. "ఏటి బాబూ, ముసిలోళ్ళకి లెక్కలేటి? మాకు చదువు లేదు కదా." ముప్పై ఏళ్ళకు పైగా రబ్బరు పాలు గీసిన చేతులవి. నేను ఒకటే అడిగాను: "చెట్టు మీద గాటు ఏటవాలుగా ఎందుకు పెడతారు పెద్దమ్మా? సాపుగా గీయొచ్చు కదా?"

ఆమె చటుక్కున జవాబు చెప్పింది. "సాపుగా గీస్తే పాలు గిన్నెలోకి రావు, పట్ట మీద పొర్లిపోతాయి. వాలు మరీ ఎక్కువైతే పట్ట దండగ. కొలతుంది బాబూ దానికి!"

పాఠం అక్కడే మొదలైపోయింది.

పట్ట మీద గాటు

ఆ కొలత ఏమిటో చూద్దాం. మొగ్గ అంటు కట్టిన రబ్బరు చెట్టుకు గాటు వాలు సాధారణంగా 30 డిగ్రీలు. చెట్టు చుట్టుకొలత 50 సెంటీమీటర్లకు చేరాక గీత మొదలుపెడతారు. చుట్టూ కాకుండా సగం చుట్టు మాత్రమే గీస్తారు. అంటే అడ్డంగా 25 సెంటీమీటర్లు. ఎడమవైపు ఎత్తు, కుడివైపు పల్లం. అలా ఎందుకంటే, బెరడులో పాలు పారే నాళాలు నిట్టనిలువుగా ఉండవు. మూడు నుంచి అయిదు డిగ్రీల దాకా కుడివైపుకు వాలి పైకి వెళతాయి. ఎడమ నుంచి కుడికి దిగే గాటు వాటిలో ఎక్కువ నాళాలను తెంపుతుంది. తెల్లవారకముందే గీయడానికీ కారణముంది. ఎండ రాకముందు నాళాల్లో ఒత్తిడి ఎక్కువ, కాబట్టి పాలు బాగా కారతాయి.

ఇప్పుడు ఆ బెరడును ఊహలో విప్పి బల్ల మీద పరచండి. అడ్డంగా 25 సెంటీమీటర్ల గీత. ఒక చివర నుంచి నిలువుగా పైకి మరో గీత. ఆ రెంటినీ కలిపేది కత్తి గాటు. అచ్చమైన లంబకోణ త్రిభుజం! నిలువు గీత దాదాపు 14.4 సెంటీమీటర్లు, గాటు పొడవు దాదాపు 28.9. గమనించారా? గాటు పొడవులో సగం ఎత్తు. 30 డిగ్రీల వాలు ఉన్న ఏ లంబకోణ త్రిభుజంలోనైనా ఇంతే. వాలు గీత ఎంత ఉంటే అందులో సగం ఎత్తు. దీనికి సైను పట్టికలు అక్కర్లేదు, ఒక దారం చాలు. దారాన్ని గాటు వెంట కొలిచి మధ్యకు మడిస్తే, ఎత్తు సరిగ్గా అంతే రావాలి.

తోటల్లో ఈ వాలు గుర్తు పెట్టడానికి వంచగలిగే రేకు ముక్క వాడేవారు. దాన్ని చెట్టుకు చుట్టి గీత గీసేవారు. మా పెద్దమ్మకు ఆ రేకు బాగా గుర్తు. "కొత్తలో రేకు, తరవాత కన్నే" అంది. అంటే కొన్నేళ్ళకు ఆమె కన్నే కోణమానిని అయిపోయింది! నేను చేసింది ఆమెకు తెలిసిన మూడు గీతలకు మూడు పేర్లు పెట్టడమే: భూమి, లంబం, కర్ణం.

కర్ణం అనగానే ఒక తాత "ఊరి కరణం గారా?" అని అడిగారు. ఆయన నాన్నగారు చెప్పిన కథల్లో పల్లెలో భూముల లెక్కలు రాసే కరణం ఉండేవాడట. అందరం నవ్వుకున్నాం. ఆ తరవాత ఆ మాట ఎవరూ మరిచిపోలేదు.

ఈ రబ్బరు కథకు మరో ముచ్చట. 1877లో సింగపూరు చేరిన 22 రబ్బరు మొక్కల్లో కొన్నింటిని సుంగై సిపుట్‌కు దగ్గరే ఉన్న కువాలా కాంగ్సార్‌లో నాటారు. చెట్టును చంపకుండా, పలుచగా బెరడు చెక్కుతూ పాలు తీసే పద్ధతిని సింగపూరు తోటల అధికారి రిడ్లీ 1890లలో కనిపెట్టారు. ఆ పద్ధతిని తోటల్లో నిలబెట్టిన లక్షలాది చేతుల్లో మన తాతమ్మలవీ ఉన్నాయి.

తాడు, పన్నెండు ముడులు

రెండో ఆదివారం తాడు తీసుకెళ్ళాను. సాగని తాడు కావాలి. నైలాను పనికిరాదు. సమానమైన ఎడంతో పన్నెండు ముడులు వేసి, చివరలు కలిపి మాలలా కట్టాం. ముగ్గురు నిలబడి ఒకటో ముడి, నాలుగో ముడి, ఎనిమిదో ముడి పట్టుకుని బిగించి లాగారు. మధ్యలో ఎడాలు మూడు, నాలుగు, అయిదు. నాలుగో ముడి దగ్గర సరిగ్గా మూలమట్టం పెట్టినట్టు లంబకోణం వచ్చింది!

తాపీ మేస్త్రీగా పనిచేసిన ఒకాయన ఊరుకోలేదు. "ఇది మాకు తెలుసండీ. మేం ఆరు, ఎనిమిది, పది అడుగులు పెడతాం" అన్నారు. ఆ మాటే ఎదురుచూస్తున్నాను. మూడు, నాలుగు, అయిదును రెండింతలు చేస్తే అదే కదా! త్రిభుజం ఎంత పెద్దదయితే కొలతలో చిన్న తేడా అంత తక్కువ నష్టం చేస్తుంది. అందుకే మేస్త్రీలు పెద్దదాన్నే ఎంచుకుంటారు. ఆ రోజు పాఠం ఆయనే చెప్పారు, నేను కూర్చుని విన్నాను. ఉగాదికి పందిరి వేసేటప్పుడు నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నాయా అని చూడటానికి ఆయన చెప్పిన చిట్కా మీరూ రాసుకోండి. ఎదురు బొదురు భుజాలు సమానమయ్యాక, రెండు ఐమూలలూ కొలవండి. అవి రెండూ సమానమైతే పందిరి వంకర లేదు.

కప్పు రేకుల లెక్క

త్రిభుజం తెలియకపోతే జేబుకు ఎలా చిల్లు పడుతుందో చెప్పడానికి ఇంటి కప్పును మించిన ఉదాహరణ లేదు. 24 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న ఇల్లు అనుకుందాం. నేల 720 చదరపు అడుగులు. కప్పు రెండు వైపులా వాలుగా ఉంది, మధ్యలో 5 అడుగులు లేచింది. రేకులు ఎన్ని చదరపు అడుగులకు కొనాలి?

720 అని చెప్పేవాళ్ళు ఎక్కువ. కానీ రేకు పరిచేది వాలు మీద. సగం వెడల్పు 12 అడుగులు, ఎత్తు 5 అడుగులు. వాటి వర్గాలు 144, 25. మొత్తం 169, అంటే 13ను 13తో హెచ్చించినది. వాలు పొడవు 13 అడుగులు. రెండు వైపులా కలిపి 26, దాన్ని 30తో హెచ్చిస్తే 780. చూరు కోసం బయటికి వదిలేది, రేకు మీద రేకు ఎక్కించేది దీనికి అదనం.

720కే కొంటే పని మధ్యలో ఆగిపోతుంది. అలాగని ఎవరో 900 అని బిల్లు రాస్తే, "ఆ లెక్క ఎలా వచ్చింది బాబూ?" అని అడగగలగాలి. అడగగలిగే మనిషికీ అడగలేని మనిషికీ మధ్య తేడా ఈ ఒక్క త్రిభుజమే.

వర్గమూలం రానివాళ్ళ సంగతి? గళ్ళ కాగితం మీద అడుగుకు ఒక సెంటీమీటరు చొప్పున అడ్డంగా 12, నిలువుగా 5 గీసి, ఐమూలగా స్కేలు పెట్టి చూడమన్నాను. 13 వచ్చింది! స్కేలు చదవడం వస్తే ఈ లెక్క వచ్చినట్టే. మా గుంపులో అందరికీ బాగా నచ్చిన పద్ధతి ఇదే.

నిచ్చెన, చక్రాల కుర్చీ

రంబుటాన్ కోయాలన్నా, చూరు నీటి కాలువలో ఆకులు తీయాలన్నా నిచ్చెన ఎక్కుతాం. దానికీ ఒక నియమముంది: నాలుగుకు ఒకటి. నిచ్చెన ఆనే చోటు 16 అడుగుల ఎత్తులో ఉంటే, కింది కాళ్ళు గోడకు 4 అడుగుల దూరంలో ఉండాలి. అప్పుడు వాలు దాదాపు 75 డిగ్రీలు. మరీ దగ్గరగా వేస్తే వెనక్కి పడుతుంది, దూరంగా వేస్తే కాళ్ళు జారతాయి. టేపు లేకపోతే ఇలా చేయండి. కాలి వేళ్ళు నిచ్చెన మొదటికి ఆనించి నిటారుగా నిలబడి, చేతులు నేరుగా ముందుకు చాపండి. అరచేతులు మెట్టును అందుకుంటే వాలు సరిపోయింది.

మా గుంపులో ఒక తాత ఇంట్లో బామ్మగారు చక్రాల కుర్చీలో ఉంటారు. వాకిట్లో మూడు మెట్లు, మొత్తం 45 సెంటీమీటర్ల ఎత్తు. పని చేయడానికి వచ్చినతను రెండు మీటర్ల వాలుదారి వేస్తానన్నాడు. చక్రాల కుర్చీకి చాలా దేశాల్లో పాటించే లెక్క 12కు ఒకటి, అంటే ఎత్తుకు పన్నెండింతలు పొడవు. 45ను 12తో హెచ్చిస్తే 540. అయిదు మీటర్ల 40 సెంటీమీటర్లు కావాలి! రెండు మీటర్ల దారిలో కుర్చీని పైకి తోయడం ఆ వయసులో తాతకు సాధ్యం కాదు. దింపేటప్పుడు పట్టు తప్పితే ఇక చెప్పక్కర్లేదు.

వాకిలి లోతు నాలుగున్నర మీటర్లే. తాత కాగితం మీద గీసి చూసుకున్నారు. 2.7 మీటర్ల వాలు, గేటు దగ్గర మలుపు తిరగడానికి ఒకటిన్నర మీటర్ల సమతలం, మళ్ళీ గుమ్మం వైపు 2.7 మీటర్ల వాలు. సరిపోయింది. ఆ కాగితమే పనివాడి చేతిలో పెట్టారు. ఇప్పుడు బామ్మగారు రోజూ సాయంత్రం వాకిట్లోకి వస్తున్నారు.

పెద్దవాళ్ళకు చెప్పేటప్పుడు

1985లో ముగ్గురు పరిశోధకులు బ్రెజిల్ దేశంలోని రెసిఫె నగరంలో వీధుల్లో సరుకులు అమ్మే అయిదుగురు పిల్లల లెక్కలు పరీక్షించి ఒక వ్యాసం ప్రచురించారు. బేరం మధ్యలో అడిగిన లెక్కలకు వాళ్ళు నూటికి 98 సరిగ్గా చెప్పారు. అలాంటి లెక్కలనే బడి పద్ధతిలో అంకెలుగా కాగితం మీద ఇస్తే నూటికి 37 మాత్రమే! బుర్ర అదే, లెక్కా అదే. అడిగిన తీరు మారింది. పిల్లల విషయంలోనే ఇలా ఉంటే, జీవితమంతా చేత్తో పనిచేసిన పెద్దవాళ్ళ విషయం వేరే చెప్పాలా?

మీ ఊళ్ళో, మీ సంఘంలో ఎవరైనా ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే, మాకు పనికొచ్చిన నాలుగు మాటలు:

మొదట వాళ్ళ పని గురించి అడగండి, సూత్రం తరవాత చెప్పండి. కుట్టుపని చేసే ఆవిడకు క్రాసు గుడ్డలో, మేస్త్రీకి మూలమట్టంలో, పాలు గీసిన మనిషికి గాటులో త్రిభుజం ముందే ఉంది.

వాళ్ళకు అలవాటైన కొలతలోనే చెప్పండి. అడుగులంటే అడుగులే. సెంటీమీటర్లలోకి తరవాత మార్చుకోవచ్చు.

జవాబును చేత్తో సరిచూసుకోనివ్వండి. టేపు పెట్టి కొలిచినప్పుడు లెక్క, కొలత ఒకటే వస్తే కలిగే నమ్మకం మనం ఎంత చెప్పినా రాదు.

తప్పొప్పుల ఎర్ర సిరా వద్దు. బడిలో చిన్నబోయిన జ్ఞాపకం డెబ్బై ఏళ్ళకైనా పోదు.

మన పాత లెక్కలు

తాడుతో లంబకోణం తేవడం మనకు కొత్తేమీ కాదు. యజ్ఞవేదికలు కట్టే కొలతల పుస్తకాలను శుల్బసూత్రాలంటారు. శుల్బం అంటే తాడే! క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందటి బౌధాయనుడి శుల్బసూత్రంలో దీర్ఘచతురస్రం ఐమూలకూ భుజాలకూ ఉన్న ఈ సంబంధం ఉంది. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణిత గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. అంటే లెక్కలను మన భాషలో చెప్పుకోవడం దాదాపు వెయ్యేళ్ళ నాటి అలవాటు. వరండాలో తెలుగులో "లంబం, కర్ణం" అంటుంటే నాకు అదే గుర్తొస్తుంది.

1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో ఒక వెదురు లెక్క ఉంది. 32 మూరల వెదురు గాలికి విరిగింది. దాని కొన మొదలుకు 16 మూరల దూరంలో నేలను తాకింది. ఎంత ఎత్తులో విరిగింది? దీన్ని మా గుంపులో చెప్పగానే ఒక్క నిమిషంలో చీపురు పుల్లలు వచ్చేశాయి, విరవడాలూ మొదలయ్యాయి! జవాబు 12 మూరలు. విరిగి వాలిన ముక్క 20. ఆ 12, 16, 20లను నాలుగుతో భాగించి చూడండి. మన పాత మిత్రులు మూడు, నాలుగు, అయిదే!

పిల్లలూ, ఇది మీకు

ఇక్కడి బడుల్లో ఫారం 1లో పైథాగరస్, ఫారం 3లో త్రికోణమితి వస్తాయి. అంతవరకూ ఆగక్కర్లేదు. ఈ సెలవుల్లో తాతయ్య, అమ్మమ్మలతో కలిసి ఈ మూడు పనులు చేసి చూడండి.

ఒకటి. కాగితం మీద లంబకోణ త్రిభుజం గీసి కత్తిరించండి. దాన్ని మైలో డబ్బాకు చుట్టండి. వాలు అంచు మెలి తిరుగుతూ దిగుతుంది చూశారా? రబ్బరు చెట్టు మీది గాటు అదే.

రెండు. చదరపు కాగితాన్ని ఐమూలగా మడిస్తే 45 డిగ్రీల కోణం వస్తుంది. ఒక అంచును నేలకు సమంగా కంటి దగ్గర పెట్టి, వాలు అంచు వెంట కొబ్బరిచెట్టు కొనను చూడండి. కొన సరిగ్గా కనబడేదాకా వెనక్కి నడవండి. అక్కణ్ణుంచి చెట్టుకున్న దూరం కొలిచి, మీ కంటి ఎత్తు కలపండి. అదే చెట్టు ఎత్తు!

మూడు. నిలువు కర్ర పాతి నీడ కొలవండి. మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి ఏప్రిల్ మొదట్లో, సెప్టెంబరు రెండో వారంలో సుంగై సిపుట్‌లో నడినెత్తి ఎండకు నీడ దాదాపు మాయమవుతుంది. అది గడియారంలో పన్నెండుకు కాదు, ఒంటిగంట దాటాక. ఎందుకో మీ టీచరును అడగండి.

చివరగా పెద్దలకో మనవి. మా బృందంలోని పెద్దమ్మ మనవరాలు ఫారం 3 చదువుతోంది. ఒక ఆదివారం తన పుస్తకం తెచ్చి, 30 డిగ్రీల త్రిభుజంలో ఎత్తు వాలులో సగమే ఎందుకవుతుందని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ మూడు సమానమైన పుల్లలు తీసి త్రికోణం పేర్చింది. నడిమికి ఒక దారం దింపి, "ఇటు సగం, అటు సగం. సగం కాక ఇంకేటవుద్ది?" అంది. ఆ పిల్ల పుస్తకం పక్కన పెట్టి నానమ్మ చేతుల వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ తోటల్లో చాలావరకు ఇప్పుడు ఆయిల్ పామ్ పెరుగుతోంది. పాలు గీయడం తెలిసిన చేతులు ఏటికేడాది తగ్గిపోతున్నాయి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి పెద్దలుంటే, వాళ్ళ పక్కన ఒక కాగితం, ఒక స్కేలు, ఒక పిల్లనో పిల్లవాడినో కూర్చోబెట్టండి. టీ మాత్రం మరిచిపోవద్దు!